మా ముదీర్‌కి గుర్తున్న ఒకే ఒక్క వాక్యం

మా అమ్మాయి శ్రావణి యూనివర్సిటీలో కెల్టిక్ భాషలు, అంటే ఐరిష్, వెల్ష్ లాంటివి చదువుతానని మొండికేసింది. "ఆ చదువుకి దుబాయ్‌లో ఉద్యోగం ఎవడిస్తాడే?" అని అరిచి అరిచి నా గొంతు పోయింది. మా ఫ్యాక్టరీ ముదీర్, అదే మేనేజరు, ఐర్లాండ్ మనిషి. ఆయన నోటితోనే వద్దనిపిద్దామని ఈ రోజు దాన్ని ఆఫీసుకి తీసుకెళ్లాను.

ఆయన గొంతు సవరించుకునేలోపే ఇది ఫోన్‌లో నేర్చుకున్న ఐరిష్‌లో ఏదో అడిగేసింది. మా అందరినీ వణికించే మనిషి మొహం ఎర్రబడింది. కాసేపు తడుముకుని, ఒక్క వాక్యం మాత్రం గడగడా అప్పజెప్పాడు.

"ఏమంటున్నాడే?" అన్నాను తెలుగులో, మెల్లగా.

"బాత్రూమ్‌కి వెళ్లొచ్చా అని అడుగుతున్నాడు నాన్నా. స్కూల్లో అదొక్కటే గట్టిగా నేర్చుకున్నట్టున్నాడు!"

ఖలాస్. సలహా సంగతి మరిచిపోయి, తనకూ నేర్పమని దాన్నే బతిమాలాడు. వచ్చే ఆదివారం నుంచి మా ఇంట్లోనే ట్యూషన్. డిగ్రీలో చేరకముందే దానికి ఉద్యోగం దొరికింది, నాకున్న ఒక్క సెలవూ పోయింది.

హోంవర్క్ చేయకపోతే ఆయనతో గోడకుర్చీ వేయిస్తానంటోంది. నాకు చూడాలనే ఉంది. కానీ వచ్చే నెలే నా ఇంక్రిమెంట్. వేయించమంటారా, వద్దంటారా?