ఇంటి ధర

నిన్న చిత్తూరు నుంచి పలమనేరు వెళ్తుంటే బంగారుపాళ్యం దగ్గర మా బస్సు తోతాపురి మామిడికాయల ట్రాక్టర్ల వెనక చిక్కుకుపోయింది. తోటివాళ్లందరూ విసుక్కుంటున్నారు గానీ, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ఆ మాగిన పళ్ల వాసన తగలగానే నాకు మాత్రం ఇంకాసేపు ఆగితే బాగుండుననిపించింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కంపెనీకి రెండు విభాగాలుండేవి. పాకాల షెడ్డులో రేకు డబ్బాలు చేసేవారు, బంగారుపాళ్యంలో వాటిలో మామిడి గుజ్జు నింపేవారు. డబ్బాలకు మా మేనమామ, గుజ్జుకు మా చిన్నాయన మేనేజర్లు. చిత్తూరు ఆఫీసులో ఖర్చుల లెక్కలు చూసే నేను ఇద్దరి మధ్యా నలిగేదాన్ని. డబ్బాలు ఏ ధరకు ఇచ్చినట్టు రాసుకోవాలన్నదే మా పేచీ. డబ్బు చేతులు మారేది కాదు, అంతా కాగితం మీదే, అయినా ఏ విభాగానికి ఎంత లాభమో తేల్చేది ఆ ధరే. దాన్ని మేం ఇంటి ధర అనేవాళ్లం. ఆ పేరే మా మామ కొంప ముంచింది. ఇంట్లోవాళ్ల దగ్గర లాభమేమిటని ఆయన రేకు ఖరీదు, కూలీ కలిపి సరిగ్గా అంతకే డబ్బాలు పంపేవాడు. అందువల్ల ఏటా చిన్నాయన విభాగం లాభాలతో వెలిగిపోయేది, మామ విభాగంలో మిగిలేది సున్నా.

ఒక ఏడు యజమాని రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసి, పైసా మిగల్చని షెడ్డు మనకెందుకు, సీజన్ కాగానే మూసేసి మద్రాసు నుంచి డబ్బాలు తెప్పిద్దామన్నాడు. అందులో పనిచేసేవాళ్లు ఎక్కువమంది పాకాల చుట్టుపక్కల ఆడవాళ్లు. నాకు ఒళ్లు మండి, బజారులో పలికే బయటి ధర అడగమని మామ మీద పడ్డాను.

"బావ దగ్గర బేరమాడేదా? యా మొగం పెట్టుకోని అడిగేది పాపా?" అన్నాడు.

"నీ మొగానికేం మామా, రేపు ఆ ఆడోళ్లకి యాడ పని సూపిస్తావో సెప్పు" అన్నాను. అయినా ఆయన అడగనే లేదు.

చివరికి నేనే యజమాని దగ్గరికి వెళ్లాను. మద్రాసు డబ్బా ఖరీదు, లారీ బాడుగ, దారిలో సొట్టలు పడి పారేయాల్సినవి, అన్నీ కలిపి డబ్బా మన గేటు చేరేసరికి ఎంత పడుతుందో చూపించాను. ఆయన దానికి కాస్త తగ్గించి కొత్త ధర కట్టాడు. డబ్బాల విభాగం లాభం చూపింది, షెడ్డు నిలబడింది. చిన్నాయన లాభం ఆ మేరకు తరిగి, దానితోపాటే ఆయన బోనసూ తరిగింది.

"ఇంటి ధర వద్దంటివి గదా. ఇంక బయటోళ్ల మాదిరే ఉందాం" అన్నాడు చిన్నాయన మామతో, నవ్వుతూనే. ఏటా మామ ఇంటికి ఆయన పంపే మామిడిపళ్ల గంప ఆ ఏడూ వచ్చింది, బిల్లుతో సహా. మామ ఆ డబ్బు కట్టి పంపాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఇలాంటి ధరలు కంప్యూటరే వేసేస్తుందట, అవతలి విభాగంలో ఎవరున్నారో ఇవతలివాళ్లకు తెలియను కూడా తెలియదట. తగవులు లేవు, మంచిదే. ఆ లెక్క ఇవాళ వెయ్యమన్నా నేను అలాగే వేస్తాను. కాకపోతే, షెడ్డు నిలబడ్డ ఆ ఏటి నుంచి ఇద్దరూ కన్నుమూసేదాకా, వాళ్లు ఒకరినొకరు బావా అని పిలుచుకోవడం నేను మళ్లీ వినలేదు.