సుబ్రహ్మణ్యం మాస్టారి అక్షరాల పట్టిక

మాస్టారి కాగితాలను మామిడి పెట్టెల్లో పరిపించినవాడు కమీషన్ వ్యాపారి వెంకటరత్నం. పేరు పెట్టే రాస్తున్నాను. రీడింగ్ రూమ్ బోర్డు మీంచి ఈ కాగితం చింపితే, మళ్ళీ రాసి అంటిస్తాను.

నిన్న పొద్దున్న మెడికల్ షాపు ఫోన్‌కి బెజవాడ ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. మన టైపు ఇన్‌స్టిట్యూట్ సుబ్రహ్మణ్యం మాస్టారు ఇక లేరు.





కంప్యూటర్‌కి అక్షరం తెలియదు, ఉందీ లేదూ అనే రెండే తెలుసు అనేవారాయన. పోయిన వేసవిలో బల్ల మీద ఏడు మామిడికాయలు వరసగా పెట్టారు. పండు అంటే ఒకటి, పచ్చికాయ అంటే సున్నా. ముందు ఒక పండు, తర్వాత నాలుగు పచ్చికాయలు, చివర రెండు పళ్ళు.

"ఇది ఇంగ్లీషు సి" అని బోర్డు వైపు తిరిగారు.

మా క్లాసులో ప్రసాద్ చివరి పండు తినేసి, అక్కడో పచ్చికాయ పెట్టాడు.

"ఏమోయ్ ప్రసాదూ, సి ని కాస్తా బి చేశావు కదయ్యా! ఎలా ఉంది?"

"పండు బాగుందండీ. అక్షరం రుచే తెలియలేదండీ."

ఆ ఏడు చోట్లూ ఇంగ్లీషుకే సరిపోయాయి. ఎనిమిదో చోటు కలిపితే ఇంకో నూట ఇరవై ఎనిమిది నంబర్లు వస్తాయి. వాటిలో మన అచ్చులకీ హల్లులకీ గుణింతాలకీ ఏ నంబరో, మూడేళ్ళు కూర్చుని గ్రాఫ్ కాగితాల మీద ఎర్ర సిరాతో పట్టిక వేశారు.

ఒక్కటే ప్రతి. ఊరందరికీ కార్బన్ పెట్టి టైపు చేసిచ్చే మనిషి, తన పట్టిక దగ్గర మాత్రం "ఇంకా దిద్దుతున్నానయ్యా" అనేవారు.

పోయిన వారం గుండెనొప్పితో ఆయన్ని బెజవాడ తీసుకెళ్ళాం. ఇక్కడ సీజన్ మొదలైంది. పెట్టెలు పేర్చుకోవడానికి వెంకటరత్నానికి, తను ఇన్‌స్టిట్యూట్‌కి అద్దెకిచ్చిన గది కావాల్సి వచ్చింది. తాళం తీయించి, పట్టిక ఉన్న ట్రంకులోని కాగితాలన్నీ ప్యాకింగ్ షెడ్డుకి పంపించాడు. గడ్డితో పాటు కాయల కింద పరవడానికి.

వెళ్ళి నిలదీశాను.

"మీ మాస్టారేమన్నా వేదాలు రాశాడేంట్రా? అన్నీ సున్నాలేగా!" అని నవ్వాడు.

అక్షరం ప్రజల సొత్తు. వ్యాపారి గడ్డి కాదు.

మొన్న సాయంత్రం ఆస్పత్రిలో మాస్టారు నా మణికట్టు పట్టుకున్నారు. "పట్టిక భద్రమేనా నాయనా?"

"భద్రమేనండీ" అన్నాను.

అబద్ధం.

ఆయన ఆఖరి నోటుపుస్తకం నా దగ్గరుంది. తెలుగంతా నంబర్లలోనే రాశారు. మొదటి నంబరు నూట ఎనభై ఏడు. అది 'క' అక్షరమో 'మ' అక్షరమో నాకు తెలియదు. పట్టిక పోతే ఇంకెవరికీ తెలియదు. ఆయన మాట నా కళ్ళెదుటే ఉంటుంది, ఎప్పటికీ చదవలేను. రాత్రంతా ఇదే భయం.

నిన్న సాయంత్రం షెడ్డులో ఒక పెట్టె పలకల సందులోంచి ఎర్ర సిరా కనిపించింది. వెంకటరత్నం మనుషులు ముట్టుకోనివ్వలేదు. రేపు పొద్దున్న ఏడింటికి ఆ పెట్టెలన్నీ లారీ ఎక్కి హనుమాన్ జంక్షన్ దాటేస్తాయి. ఆ తర్వాత ఏ ఊరి చెత్తకుప్పలో వెతకాలి?

మాస్టారూ, మీకు అబద్ధం చెప్పాను. క్షమించండి. మీరు నిశ్చింతగా విశ్రమించండి, బెంగ మాకు వదిలేయండి.

ఆయన దగ్గర ఒక్క అక్షరం నేర్చుకున్నవాళ్ళయినా సరే, మేకులు పీకే పట్టకారు తీసుకుని రండి. కాయ ఒక్కటీ నలగకూడదు, కాగితం ఒక్కటీ పోకూడదు.

రేపు పొద్దున్న ఆరింటికి, ప్యాకింగ్ షెడ్డు గేటు దగ్గర.