నన్ను గేటు బయట ఉంచిన పరీక్ష

నా ఉద్యోగం బస్సుల్లో టికెట్లు తనిఖీ చేయడం. రోడ్డు మీద ఎక్కడో ఒకచోట బస్సు ఆపి, ఎక్కి, తలలు లెక్కపెట్టి, కండక్టరు కొట్టిన టికెట్లతో సరిచూస్తాం. ఏళ్ల తరబడి ఇదే పని. నిద్రపోతున్నట్టు నటించేవాణ్ణి, కిటికీలోంచి అదే పనిగా పొలాలు చూసేవాణ్ణి ఇట్టే పట్టేస్తాను. పదిసార్లలో తొమ్మిదిసార్లు నా లెక్క తప్పదు. ఇంటికి వచ్చి యూనిఫాం విప్పినా ఆ చూపు మాత్రం విప్పి పక్కన పెట్టలేకపోయేవాణ్ణి. మా ఆవిడ ఆ మాట చాలాసార్లు అంది, నేనే వినలేదు.

మా అమ్మాయి ఐదో తరగతిలో ఉండగా కూచిపూడి నేర్చుకుంటానంది. మేముండేది కల్లూరులో. మాకు రెండు వీధుల అవతల ఒక ఇంటి మేడ మీద, రేకుల షెడ్డులో ఒకావిడ నేర్పుతుంది. పిల్లను గొప్ప నర్తకిని చేయాలని మాకేం లేదు. "బడి, ట్యూషను తప్ప ఏముండాది దానికి? సరదాగా నేర్చుకోనీ" అంది మా ఆవిడ. చేర్పించడానికి నేనే వెళ్లాను. టీచరుది రాయచోటి, నలభై దాటి ఉంటాయి, మాట తక్కువ. మొదటి రోజే, "పిల్లల్ని దింపి పోండి సార్. పైన పెద్దోళ్లు ఎవరూ కూచోగూడదు" అంది. నాకు అక్కడే తేడా కొట్టింది. తలుపేసుకుని చేసే పని ఏదైనా సరే నాకు నచ్చదు.

డ్యూటీ లేని రోజుల్లో కింద స్కూటరు మీద కూర్చుని చెవులు రిక్కించేవాణ్ణి. టీచరు కర్రతో చెక్క మీద తాళం కొట్టే చప్పుడు, దాని వెంట పిల్లల అడుగుల చప్పుడు వినబడేవి. అవి ఆగగానే వాచీ చూసుకునేవాణ్ణి. నాలుగు నిమిషాలు ఆగిందంటే ఆవిడ ఫోను మాట్లాడుతోందని ఖాయం చేసుకునేవాణ్ణి. నాతోపాటు కింద కూర్చునే మనిషి ఇంకొకామె ఉండేది. గాజుల అంగడి నడిపే ముస్లిం ఇల్లాలు, వాళ్ల పిల్లా మా పిల్లా ఒక్క ఈడువాళ్లు. మెట్ల మీద కూర్చుని చాటలో వెల్లుల్లి ఒలుచుకుంటూ నన్ను చూసి నవ్వేది. "ఏమన్నా, ఈడ గూడా చెకింగేనా?" అనేది. ఆమె అంత నిశ్చింతగా ఎలా కూర్చోగలదో నాకు అర్థమయ్యేది కాదు.

ఇంటికి రాగానే ఆరా తీసేవాణ్ణి. ఎంతసేపు చేయించింది? నిన్ను ఏ వరసలో నిలబెట్టింది? నీ అడుగు దిద్దిందా, లేదా? మధ్యలో కిందికి దిగిందా? మొదట్లో అది అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. ఎవరు కింద పడ్డారో, ఎవరి జడ ఊడిందో కూడా చెప్పేది. పోనుపోను "ఊ", "లే", "తెల్దు" అనడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర ఏమీ చెప్పొద్దని టీచరే నేర్పి ఉంటుందనుకున్నాను. ఆదివారం పూట హాల్లో నిలబెట్టి చేయించేవాణ్ణి. చెయ్యి ఎటు పోతే చూపు అటు పోవాలని ఆ మాత్రం నాకూ తెలుసు. దాని చూపు చేతి వెంట పోయేది కాదు, నా మొహం మీదే ఉండేది.

"చూపు ఎట్ల పెట్టాల్నో మీ టీచరు చెప్పలేదా?"

"చెప్పింది నాయనా."

"మరి?"

తప్పంతా నేర్పేవాళ్లదేనని నాకు తేలిపోయింది.

ఒక శనివారం సాయంత్రం ఇక ఉండబట్టలేక, చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా మెట్లెక్కాను. గాజుల అంగడామె కింద నుంచి "వద్దన్నా" అంటూనే ఉంది. తలుపు తోశాను. టీచరు నేల మీద కూర్చుని తాళం కొడుతోంది. ఫోను ఎక్కడా లేదు. మా అమ్మాయి ముందు వరసలో, సరిగ్గా మధ్యలో ఉంది. రెప్పపాటు కాలం దాన్ని చూశాను. కళ్లు చేతి వెంటే పోతున్నాయి, మొహం నిండా నవ్వు. ఆ తరవాత అది నన్ను చూసింది. అంతే, కాలు తడబడింది, చేతులు కిందికి వాలాయి, వెనక పిల్ల వచ్చి దానికి గుద్దుకుంది.

"ఇన్ని నెలలకి ఇదేనా మేడం నేర్పింది?" అన్నాను, అందరి ముందూ.

టీచరు నా వైపు చూసింది, తరవాత పిల్ల వైపు చూసింది. "కిందికి పోండి సార్" అంది అంతే. మా అమ్మాయి నేల చూపులు చూస్తూ నిలబడింది. నేను మాత్రం గట్టి సాక్ష్యం దొరికినట్టు దిగి వచ్చాను.

రెండు నెలలకు పరీక్ష వచ్చింది. మొదటి మెట్టు సర్టిఫికెట్ పరీక్ష, కడపలో ఒక బడి హాల్లో పెట్టారు. నేర్చుకున్నవి ఆడి చూపించాలి, ముద్రల పేర్లు, వాటి వాడకం నోటితో చెప్పాలి. ఏ వేళకు రావాలి, ఏ చీర కట్టాలి అన్నీ తరగతి వాట్సాప్ గ్రూపులో వచ్చాయి. నాకు మాత్రం టీచరు నుంచి విడిగా ఇంకో మెసేజ్ వచ్చింది. పరీక్ష దగ్గరికి పెద్దవాళ్లను రానివ్వరనీ, గేటు బయటే ఉండాలనీ. గ్రూపులో లేని మాట నాకొక్కడికే ఎందుకు? పరీక్ష పెట్టేవాళ్లతో ముందే ఏదో మాట్లాడుకుని ఉంటుంది, నా కంటబడుతుందని భయం, అనుకున్నాను. ఫోను మా ఆవిడకు చూపించాను. "ఏమో, రూలేమో" అని పొయ్యి వైపు తిరిగింది. నా కళ్లలోకి చూడలేదు. అది కూడా మనసులో రాసి పెట్టుకున్నాను. ఆమె పనిచేసే అంగన్‌వాడీలో ఆ రోజుకు సెలవు దొరకలేదు. గాజుల అంగడామెతో పంపిద్దామంది. నేను ససేమిరా అన్నాను.

తెల్లవారుజామున కడప బస్సెక్కాం. కండక్టరు నన్ను గుర్తుపట్టి, నేను డ్యూటీలో లేకపోయినా రెండుసార్లు తలలు లెక్కపెట్టుకున్నాడు. మా అమ్మాయి అదంతా చూస్తూ ఉంది.

"నాయనా, ఆయప్ప దొంగనా?"

"కాదు."

"మరి నిన్ను జూసి ఎందుకట్ల బయపడతాండాడు?"

"నన్ను జూస్తే అందరూ అంతేలే" అన్నాను, కాస్త గర్వంగానే. అది కిటికీకి తల ఆనించి, పెదాలు కదుపుతూ ముద్రల పేర్లు వల్లె వేసుకుంది.

కడపలో దిగేసరికి ఎండ చుర్రుమంటోంది. టీచరు బడి గేటు దగ్గరికి వచ్చి పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. "మీరు ఈడనే ఉండండి సార్" అంది. మా అమ్మాయి వెనక్కి తిరిగి చూడలేదు. పావుగంటకు గాజుల అంగడామె వాళ్ల ఆయనతో కలిసి, చేతిలో నీళ్ల సీసాతో దర్జాగా గేటు దాటి లోపలికి పోయింది. నేను వాచ్‌మన్ దగ్గరికి వెళ్లాను.

"పెద్దోళ్లను పోనీయరంట గదా?"

"ఎవరు జెప్పినారప్పా? అందరూ లోపలే కూచోనుండారు."

ఒళ్లు మండిపోయింది. విసవిసా లోపలికి నడిచాను. హాలు మెట్ల మీద చెప్పులు బారులు తీరి ఉన్నాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. చిన్నవి ఇరవై మూడు జతలు. పెద్దవి ముప్పై ఒకటి. అంతమంది పెద్దవాళ్లు లోపలుంటే, టికెట్టు లేనివాడిలా దించేసింది నన్నొక్కణ్ణే. అప్పుడే టీచరు బయటికి వచ్చింది.

"ఇవన్నీ ఎవరివి మేడం? పిల్లోళ్లవా? లోపల ఏం జరుగుతాందో నేను జూడగూడదనే గదా? పైన ఎవరికి రాయాల్నో నాకు తెలుసు."

"మెల్లగా మాట్లాడండి సార్. పిల్లోళ్లకు వినబడతాది."

"వినబడనీ!"

ఆమె తలుపు దగ్గరగా వేసి నా ముందుకు వచ్చింది. "ఆ మెసేజ్ పాప పెట్టమనింది సార్. మీరు ఆ పొద్దు పైకొచ్చి పోయినాక పరీచ్చకే రానని ఏడ్చింది. నాయన కూచుంటే కాళ్లు రావు మేడం అనింది. మీరు లోపలికి రాకుండా చూస్తానని మాటిచ్చినాకే ఒప్పుకునింది. అబద్ధం చెప్పిన తప్పు నాదే. ఇంగ మీ ఇష్టం. ఇప్పుడు పిలిచేది మీ పాపనే." ఆ మాట చెప్పి తలుపుకి పక్కగా జరిగింది. నాకు దారి వదిలేసింది.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో కూడా నాకు తోచింది, ఇదీ అబద్ధమేనని. దొరికిపోయి, పిల్ల మీదికి నెట్టేస్తోందని. తేల్చుకోవడం ఎంతసేపు? లోపలికెళ్లి కూర్చుంటే తెలిసిపోతుంది. ఒక కాలి చెప్పు విప్పాను కూడా. లోపల మా అమ్మాయి నంబరు పిలిచారు. అప్పుడు తట్టింది నాకు. టీచరు చెప్పింది నిజమని తేలాలంటే, పరీక్షలో నా బిడ్డ కాళ్లు తడబడాలి. నేను చూడబోయేది అదే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. విప్పిన చెప్పు మళ్లీ తొడుక్కుని, హాలు పక్కకు పోయి, కిటికీ అవతల స్తంభం చాటున గోడకు ఆనుకుని నిలబడ్డాను.

గజ్జెల చప్పుడు మొదలైంది. ఎక్కడైనా ఆగుతుందేమోనని ఊపిరి బిగబట్టాను. ఆగలేదు. ఆట అయ్యాక ఎవరో మగగొంతు ఏదో అడిగింది. మా అమ్మాయి చెప్పసాగింది. ఆ ముద్ర ఏమిటో, దాంతో ఏమేం చూపించవచ్చో, తనకు ఏది ఇష్టమో, ఎందుకిష్టమో. అడగనివి కూడా చెప్పింది. లోపల నవ్వులు వినబడ్డాయి. అంత పొడుగు మాటలు మా ఇంట్లో విని ఎన్ని నెలలైందో గుర్తు చేసుకోవాలని చూశాను. గుర్తు రాలేదు.

కాసేపటికి అది గజ్జెలతోనే వరండాలోకి వచ్చింది. గాజుల అంగడామె నీళ్ల సీసా అందించింది. అది తాగలేదు.

"పెద్దమ్మా, మా నాయన లోపలికొచ్చినాడా?"

"లేదు బంగారూ. రాలే."

అది కళ్లు మూసుకుని పెద్ద ఊపిరి వదిలింది. ఆ తరవాత నవ్వింది. రేకుల షెడ్డులో రెప్పపాటు కాలం చూసిన నవ్వే. నేను లేనందుకు నా కూతురు అలా నవ్వడం స్తంభం చాటు నుంచి చూశాను. అది మెట్ల మీద కూర్చుని గజ్జెలు విప్పుకుంటోంది. ఇంకో రెండు నిమిషాల్లో గేటు దగ్గరికి వస్తుంది. అక్కడ నేను లేకపోతే దానికి తెలిసిపోతుంది.

హాలు వెనక నుంచి, మరుగుదొడ్ల పక్కగా, పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తాను. వాచ్‌మన్ నోరెళ్లబెట్టి చూశాడు. గేటు దాటి, టీ అంగడి బల్ల మీద కూలబడి, పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నట్టు కాలు మీద కాలు వేసుకున్నాను.

అది వచ్చి నా ఎదురుగా నిలబడింది. చెమటతో తడిసిన నా చొక్కా చూసింది. నా రొప్పు చూసింది. దుమ్ము కొట్టుకుపోయిన కాళ్లు చూసింది.

"నాయనా, ఈడనే ఉండావా?"

"ఈడనే ఉండా" అన్నాను.

అది నా మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.