నాలుగు నిమ్మకాయలు, మూడు వేల రెండు వందల చుట్లు

ఆ రోజుల్లో, ఏ విషయాన్నైనా పట్టికలో పెట్టి మార్కులు వేస్తే తేలిపోతుందని నాకు గట్టి నమ్మకం. ఏ చొక్కా కొనాలో, ఏ బస్సెక్కాలో కూడా అలాగే తేల్చుకునేవాణ్ణి (ఒకసారి అమ్మ వంటకి మార్కులు వేశాను, ఆ పూట రెండోసారి వడ్డించలేదు). మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తయింది, ఉద్యోగంలో చేరడానికి ఆర్నెల్లు ఖాళీ. జగ్గయ్యపేటలో మిర్చి టోకు వ్యాపారం చేసే మా మామయ్య, గోడౌన్‌లో ఇంజను చచ్చి పడివున్న తన పాత ఆటోమేటిక్ కారును అప్పుడే నా చేతిలో పెట్టాడు. టర్బో (ఇంజనులోకి గాలిని బలంగా నెట్టే పంకా) ఉన్న పెద్ద ఇంజను ఎక్కించి పరుగు పందేనికి తీసుకెళ్ళాలని నా కోరిక. నెలాఖరు ఆదివారం జరిగే పావు మైలు పరుగుకి అప్పటికే పేరు కూడా ఇచ్చేశాను. మామయ్య షరతు సూటిగా ఉంది. "లక్ష దాటి రూపాయి ఇవ్వను అల్లుడూ. ఆ వారం శుక్రవారం పూజ చేయించి ముందు నేను నడుపుతా. బుద్ధిగా ఉంటే ఆదివారం నువ్వు తీస్కెళ్ళు. మొండికేసిందో, ఆ రోజే అమ్మేస్తా."

ఇంజనుకే డబ్బు చాలా వరకు అయిపోయింది. మిగిలింది టార్క్ కన్వర్టర్. ఆటోమేటిక్ కారులో క్లచ్ పెడల్ ఉండదు కదా, దాని బదులు ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య గుమ్మడికాయంత ఇనప డబ్బా ఒకటి ఉంటుంది. అందులో నిండా నూనె, ఎదురెదురుగా రెండు పంకాలు. ఇంజను ఒకదాన్ని తిప్పితే ఆ నూనె తోపుకి రెండోది తిరిగి కారు కదులుతుంది. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగితే ఆ తోపు గట్టిగా అందుకుంటుందన్నదే అసలు సంగతి. తక్కువ చుట్లకే అందుకునేది కారును మెత్తగా కదిలిస్తుంది. ఎక్కువ చుట్ల దగ్గర అందుకునేది టర్బో నిద్రలేచేదాకా ఆగి, ఒక్కసారిగా వదులుతుంది. నా పట్టికలో మూడు పోటీపడ్డాయి: కారుతో వచ్చిన పాతది, పద్దెనిమిది వందల చుట్లు, ఖర్చు సున్నా; తుక్కు కొట్లో దొరికినది, రెండు వేల రెండు వందలు; పందెం కారులోంచి తీసిన సెకండ్ హ్యాండ్‌ది, మూడు వేల రెండు వందలు. పదకొండు అంశాలకి మార్కులు వేశాను. మూడోది బంపర్ మెజారిటీతో గెలిచింది.

నందిగామలో గేర్‌బాక్సులు విప్పే ఆయన్ని అందరూ గేర్ల బాబాయ్ అనేవారు. ఆయన నా కాగితాన్ని నూనె చేతుల్తోనే తీసుకుని, పైనుంచి కింది దాకా చదివి, మళ్ళీ చదివాడు.

"ఏవయ్యా ఇంజినీరూ, టైరు సైజు రాసావు, బరువు రాసావు, గాలి రాసావు. మరి మీ మామయ్య కాలు ఏదీ?"

"కాలు కొలతల్లోకి రాదు బాబాయ్."

"వస్తదిలే," అని పాత కన్వర్టర్‌ని గోనెసంచిలో చుట్టి మూల పెట్టేశాడు.

శుక్రవారం పొద్దున కొట్టు ముందు కారు కడిగి, బొట్లు పెట్టి, దండ వేశారు. స్టీరింగ్ దగ్గర మామయ్య, పక్కన నేను. బజార్లో సగం మంది చుట్టూ చేరారు. పురోహితుడు గారు నాలుగు టైర్ల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టినప్పుడు గాని నాకు అసలు సంగతి తట్టలేదు. మామూలు ఆటోమేటిక్ అయితే బ్రేకు వదలగానే దానంతటదే మెల్లగా పాకి, కాయల్ని చిదిపేస్తుంది. నేను పెట్టింది పాకదు.

"మెల్లగా పోనివ్వండి," అన్నారు పురోహితుడు గారు, ఎదురుగా నిలబడే. ఆయన పక్కనే అత్తయ్య హారతి పళ్ళెంతో.

మామయ్య బ్రేకు వదిలాడు. కారు కదల్లేదు.

"కదలట్లేదేంట్రా?"

"కొంచెం... కొంచెమే యాక్సిలరేటర్ ఇవ్వు మామయ్యా."

మామయ్య కొంచెం అనుకున్నది పదిహేను వందలు. కదల్లేదు. ఇంకొంచెం. రెండు వేలు. ఇంజను హోరుకి కొట్టు షట్టరు అదురుతోంది, నిమ్మకాయలు మాత్రం చెక్కుచెదరలేదు. చుట్ల మీటరు ముల్లు రెండు వేల అయిదు వందలు దాటింది. ఇంకో ఏడు వందల తర్వాత ఏం జరుగుతుందో ఆ బజారు మొత్తంలో నాకొక్కడికే తెలుసు.

"అత్తయ్యా, పక్కకి జరుగు!"

"హారతిస్తుంటే జరగమంటావేంట్రా, అపశకునం!"

"చాలు మామయ్యా, కాలు తియ్యి!"

"ఆగరా, ఇప్పుడే కదిలేటట్టుంది!"

రెండు వేల ఎనిమిది వందల దగ్గర గేరు కర్రని న్యూట్రల్‌లోకి తోశాను. ఇంజను గొంతు చించుకుని అరిచింది. పురోహితుడు గారు చేతిలో కొబ్బరికాయతో సహా అరుగెక్కేశారు. మామయ్య కాలు తీశాడు. నాలుగు నిమ్మకాయలూ పచ్చగా, గుండ్రంగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

చివరికి పది మంది కలిసి వెనకనుంచి తోస్తే చితికాయి. దిగి చెమట తుడుచుకుంటూ మామయ్య అన్న మాట నేను ఊహించలేదు. "బండి బుద్ధిగానే ఉందిలే. నా కాలే సరిగ్గా పడలేదేమో. సాయంత్రం మీ అత్తయ్యని పెనుగంచిప్రోలు గుడికి తీస్కెళ్ళొస్తా, ఆదివారం నువ్వు పట్టుకుపో."

అంటే గెలిచాను. నోరు మూసుకుంటే చాలు. కాని పెనుగంచిప్రోలు దారిలో ఎడ్లబండి వెనకో, ఆటో వెనకో ఆగి, మళ్ళీ కదలడానికి కాలు నొక్కే మామయ్య కళ్ళముందు కనపడ్డాడు.

"తప్పు నీ కాలిది కాదు మామయ్యా. నేను పెట్టిన కన్వర్టర్‌ది. ఇది నువ్వు నడిపే బండి కాదు."

"అయితే అమ్మెయ్యమంటావా?"

"వద్దు. పాతది ఎక్కిస్తా. రేపు రాత్రికవుద్ది."

"మరి పందెం?"

"పాతదానితో ఆ పందెం పరిగెత్తలేం మామయ్యా. ఈసారికి వద్దులే."

గేర్ల బాబాయ్ నన్ను చూడగానే మూలనున్న గోనెసంచి విప్పాడు (తిట్టినా బాగుండేది). ఆదివారం పదింటికి, నా పేరు అక్కడెక్కడో మైకులో పిలిచే వేళకి, మేం పెనుగంచిప్రోలు దారిలో నలభై మీద పోతున్నాం. ప్రతి గతుకు దగ్గరా కారు ఆగి, మళ్ళీ పాలు పొంగినంత మెత్తగా కదులుతోంది. వెనక సీట్లో అత్తయ్యకి నిద్ర పట్టేసింది. మామయ్య మురిసిపోతూ "చూసావా అల్లుడూ, ఎట్టా పోతోందో!" అంటున్నాడు. పక్కన మూతి ముడుచుకుని కిటికీలోంచి పత్తి చేలు చూస్తున్న ఆ కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, తలుచుకుంటే ఇప్పుడు భుజం తట్టాలనిపిస్తుంది. తన జీవితంలో సరిగ్గా ఎంచుకున్న మొదటి కన్వర్టర్ అదేనని వాడికి అప్పుడు ఎవరు చెప్పినా వినేవాడు కాదు.