దువా ఖర్జూరం

మా వాడికి నాలుగేళ్లకే పళ్లన్నీ పుచ్చిపోయాయి. కుర్చీలో కూర్చోబెడితే డాక్టరు వేలే కొరికాడు. పూర్తిగా మత్తిచ్చి అన్నీ ఒకేసారి బాగుచేస్తామన్నాడాయన. పరగడుపున తీసుకురావాలి, పొద్దున నీళ్లు కూడా వద్దన్నాడు. పంటికి అంత మత్తా! మళ్లీ కళ్లు తెరవకపోతేనో? కన్నతల్లిని, నా గుండెలో రాయి పడింది.

హుస్సేనీ ఆలంలో మా పక్కింటి ఖాలా చేతిలోనే పెరిగాడు వాడు. ఆ పొద్దున ఆటో ఎక్కబోతుంటే తలమీద చెయ్యిపెట్టి దువా చదివి, దీవెనగా మొహమ్మీద ఊదింది. మరిచిపోయిన సంచీ కోసం నేను లోపలికెళ్లి వచ్చాను.

ఆస్పత్రిలో నర్సు, "బాబు ఏమన్నా తిన్నడా?" అంది.

"ఏం తినలే," అన్నాను ధీమాగా.

సూది కోసం చెయ్యి పడితే పిడికిలి విప్పడే. బలవంతంగా విప్పితే ఖర్జూరపు గింజ!

"ఖాలా ఇచ్చింది," అన్నాడు.

మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుందని చెప్పి, డాక్టరు ఆ రోజు వద్దన్నాడు. ఆ పిడికిలి విప్పకపోయి ఉంటే?

ఇంటికొచ్చి గల్లీ అంతా వినేట్టు అరిచాను. "పిలగాన్ని సంపుతుంటివి గదా ఖాలా! ఏం పెట్టొద్దని చెప్పిన గదా!"

"దువా చదివిన ఖజూర్ బిడ్డా... అది తిండి గాదనుకున్న," అంటూ గుమ్మంలోనే కూలబడింది.

మళ్లీ వెళ్లినప్పుడు ఖాలా కూడా వచ్చింది. తనూ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మాస్కు పెట్టగానే నా చేతిలో వాడి వేళ్లు వదులైపోయాయి. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. నిద్రపోయిన పిల్లాడు అట్లా ఉండడు. నన్ను బయటికి పంపేశారు. తలుపు దగ్గర మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, భయంతో.

చివరికి లోపల్నుంచి వాడి ఏడుపు వినబడింది. ప్రాణం లేచొచ్చింది. ఇంకాసేపటికి నర్సు, "ఇగ నీళ్లు తాపొచ్చు," అంది. వాడు నన్ను కాదని ఖాలా వైపు చేతులు చాచాడు. గ్లాసు ఆమెకిచ్చాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నువ్వే తాపు బిడ్డా. నా చెయ్యంటే నాకే భయమైతుంది."

వాడికి మొదటి ముద్ద పెట్టిన చెయ్యి అది. దాన్ని లాగి గ్లాసు పట్టించి, పైన నా చెయ్యి వేశాను. ఇద్దరి చేతుల మధ్య గ్లాసు ఒరిగి సగం నీళ్లు వాడి చొక్కా మీదే పోయాయి. మిగతావి తాగాడు.