నలభై అడుగుల రోడ్డు మీది జట్టు

ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటుండగా స్వరూప ఫోన్ చేయకపోతే ఈ ప్రయాణమే లేదు. స్వరూప నా పాత విద్యార్థిని. నేను వ్యాయామ అధ్యాపకురాలిగా పనిచేసిన కళాశాలలో డిగ్రీ చదివింది. ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు మహిళా డిగ్రీ కళాశాలలో అదే ఉద్యోగం చేస్తోంది. నేను పదవీ విరమణ చేసి హయత్‌నగర్‌లో మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చున్నాను.

“మేడం, మా పిల్లలు ఫుట్‌బాల్ల ఏడు గోల్లతోని ఓడిపోయిన్రు. లీగ్ గదా, బుధవారం సిటీల ఇంకో మ్యాచ్ ఉంది. మా ప్రిన్సిపాల్ సారు టీమును వాపస్ తీసుకుంట అంటుండు. బయటి నుంచి ఆట తెలిసిన మనిషి చూసి, ఆడగలుగుతరని రాసిస్తేనే పంపుతడంట. జర మీరొచ్చి చూడుర్రి.”

“ఏడా? గోల్‌కీపర్ ఊరెళ్లిందా?” అన్నాను.

“జోకులు తర్వాత మేడం. రేపు రాండ్రి.”

ఉన్న మాట చెప్తాను. బయల్దేరేటప్పటికే నా జవాబు సిద్ధంగా ఉంది. వద్దు, ఈ ఏడాదికి మానుకోండి, పిల్లల్ని నలుగురిలో నవ్వులపాలు చేయకండి అని చెప్పి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేద్దామనుకున్నాను.

సోమవారం ఉదయం ఆరుంపావుకి హయత్‌నగర్‌లో సిటీ బస్సెక్కాను. ఎల్బీనగర్‌లో దిగి, ఆరు యాభై అయిదుకి ఇబ్రహీంపట్నం బస్సు పట్టుకున్నాను. మన రాష్ట్రం ఆధార్ కార్డు ఉంటే ఆడవాళ్లకు చార్జీ లేదు, సున్నా టికెట్టు ఇస్తారు. వెళ్లేవాళ్లు కార్డు మర్చిపోకండి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే కొందరు కండక్టర్లు ఒప్పుకోరు. నా సీటు పక్కన నిలబడిన పెద్దమనిషి ఒకాయన గాలిలోకి చూస్తూ, “ఫ్రీ అనంగనే ఆడోళ్లందరు బస్సులల్లనే ఉంటున్నరు” అన్నాడు. నా ఒళ్లు మండింది. “ఇన్నాళ్లూ వంటింట్లో ఉన్నాం కదా, ఇక్కడ కాసేపు కూర్చుంటాం” అన్నాను. ఆయన బ్యాగు తీసుకుని ముందుకి జరిగాడు.

సాగర్ రోడ్డు పొడవునా రెండు పక్కలా ఇళ్ల స్థలాల వెంచర్ల హోర్డింగులే. ఇంజనీరింగ్ కాలేజీల పసుపుపచ్చ బస్సులు మా బస్సుని దాటుకుంటూ పోతున్నాయి. తుర్కయాంజాల్ దాటాక పక్క సీటామె, ఒళ్లో కొత్తిమీర మూట పెట్టుకున్నామె, ఎక్కడికని అడిగింది. ఆడపిల్లల ఫుట్‌బాల్ చూడ్డానికని చెప్పాను. “గట్లనా! తన్నుకుంటరా మరి?” అంది ఆశగా. బంతిని మాత్రమే తంతారంటే ఆమెకు కాస్త నిరాశే అయింది.

ఏడూ నలభై అయిదుకి ఇబ్రహీంపట్నంలో దిగాను. స్వరూప స్కూటీతో ఎదురు వచ్చింది. వాళ్ల కళాశాల మూడో అంతస్తులో ఉంది, కింద హార్డ్‌వేర్ దుకాణం. మైదానం ఏదని అడిగితే, “చూపిస్త రాండ్రి” అని ఊరి బయట ఒక వెంచర్‌కి తీసుకెళ్లింది. కమాను, రంగు జెండాలు, తెల్ల సున్నం కొట్టిన హద్దురాళ్లు, వాటి మీద ప్లాట్ల నంబర్లు. ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. రాళ్ల మధ్య ఆడితే కాళ్లు విరుగుతాయి, పైగా ప్లాట్లన్నీ ఎవరో ఒకరివి. అందుకని వాచ్‌మన్‌తో మాట్లాడుకుని, రోజూ పొద్దున తొమ్మిది దాకా వెంచర్ నడిమి రోడ్డు మీద సాధన చేస్తారట. నలభై అడుగుల కంకర రోడ్డు. రెండేళ్లుగా ఇదే వాళ్ల మైదానం.

పదముగ్గురు పిల్లలు ఆడుతున్నారు. నేను పక్కన ఒక హద్దురాయి మీద కూర్చున్నాను. అయిదు నిమిషాలకే నోరు వెళ్లబెట్టాను. ఆ కంకర మీద ఆ బంతిని అలా ఆపడం నా ఉద్యోగ జీవితంలో నేను ఎవరికీ నేర్పలేకపోయాను. ఇరుకులో నలుగురి కాళ్ల మధ్య నుంచి బంతి సూదిలో దారంలా పోతోంది. మరి ఏడు గోల్స్ ఎలా పడ్డాయి?

“పోయిన మ్యాచ్ వీడియో ఉందా?” అని అడిగాను. స్వరూప ఫోన్ ఇచ్చింది. చూశాను, మళ్లీ చూశాను, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంత పెద్ద పచ్చిక మైదానంలో మన పదిమందీ సరిగ్గా నడుమ, నలభై అడుగుల వెడల్పులో ఆడుతున్నారు. బంతి ఆ మేరకు దాటగానే, అక్కడేదో హద్దురాయి ఉన్నట్టు ఆగిపోతున్నారు. అవతలి జట్టు రెండు పక్కల నుంచీ తీరిగ్గా నడిచొచ్చి గోల్ కొట్టిపోతోంది. చూసేవాళ్ల నవ్వులు కూడా వీడియోలో వినిపిస్తున్నాయి.

జట్టు కెప్టెన్ ఎస్తేరుని పిలిచాను. మంచాల అనే ఊరి పిల్ల, సన్నగా పొడుగ్గా ఉంటుంది. రోజూ బస్సులో వస్తుంది. వీడియో చూపించి, “బంతి అటు పోతే నువ్వెందుకు పోలేదమ్మా?” అని అడిగాను.

“అది మన రోడ్డు కాదు గద మేడం” అనేసి, తనే నాలుక కరుచుకుంది. “అయ్యో! ఎవ్వరం పోలే. ఎవ్వరికీ యాదికి రాలే.”

స్వరూప మొహం మాడిపోయింది. “నేనూ ఇక్కడ్నే చూసి చూసి... నాకు గూడ కనవడలే మేడం.”

బస్టాండు దగ్గర బండి మీద ఇడ్లీ తిన్నాం. ప్లేటు ముప్పై రూపాయలు, పల్లీ చట్నీ బాగుంది. పదిన్నరకి ప్రిన్సిపాల్ గదికి వెళ్లాం. యాభై దాటిన మనిషి, చెడ్డవాడేం కాదు. టైపు చేయించిన ఉపసంహరణ లేఖ బల్ల మీద ఉంది.

“పిల్లల మీద నాకు కోపం లేదు మేడం. ఆ దినం నేను గూడ పోయిన. నా పక్కన కూసున్న పక్క కాలేజోళ్లు కడుపులు పట్టుకొని నవ్విన్రు. వీళ్లు ఊరోళ్లు, ఆట రాదని అన్నరు. మల్ల గట్ల కావద్దు. ఐదింటికి లెటర్ మెయిల్ చెయ్యాలె. వీళ్లు గెలుస్తరని మీరు రాసియ్యండ్రి, చింపేస్త.”

అంతవరకూ వద్దని చెప్పాలనుకున్నదాన్ని నేనే. ఆ ‘ఊరోళ్లు’ అన్న మాటకి నాకెక్కడో కాలింది. “ఐదింటిలోపు వస్తాను” అని లేచాను.

వెడల్పాటి చోటు కావాలి, అది కూడా ఇప్పుడే. ఇబ్రహీంపట్నంలో ఖాళీగా కనిపించిన నేలంతా ఎవరో ఒకరి ప్లాటే. ఎస్తేరు ఇంటికి ఫోన్ చేసి మాట్లాడి, “మా పల్లికాయ పీకేసినం మేడం. చేను ఖాళీగున్నది, పోదాం” అంది. పదకొండుంపావుకి మంచాల బస్సెక్కాం. కండక్టర్ పదిహేను సున్నా టికెట్లు కొడుతూ, “ఏం, పెండ్లికా అందరు?” అని అడిగాడు. “కాదన్న, ప్రాక్టీస్‌కు” అంది ఎస్తేరు. “మీ కాలేజ్ ఈడనే ఉన్నది గద!” అని ఆయన తల గోక్కున్నాడు.

మంచాలలో దిగి కిలోమీటరున్నర నడిచాం. ఎండకి టోపీ తప్పనిసరి. చేను నున్నగా, మెత్తగా, ఊరి అవతలి దాకా పరుచుకుని ఉంది. ఎస్తేరు తండ్రి ఏసోబు అడుగులతో కొలిచి మూలల్లో కట్టెలు పాతాడు. పిల్లలు చున్నీలు విప్పి వాటికి కట్టారు. విజిల్ ఊదాను. ఆట మొదలైన రెండు నిమిషాలకి పదమూడుమందీ మళ్లీ నడిమికే చేరారు. అరిచాను. విడిపోయారు. మళ్లీ చేరారు. ఎంత అరిచినా కాళ్లు ఆ రోడ్డునే వెతుక్కుంటున్నాయి. నా గొంతు పోయింది కానీ ఒక్కరూ పక్కకి జరగలేదు.

చేని గట్టు మీద కూర్చుని చూస్తున్న ఏసోబు లేచి వచ్చాడు. “వాళ్లు నడుమకు రావొద్దు, గంతే గద మేడం?”

“అంతే.”

ఆయన ఇంటివైపు వెళ్లి రెండు బర్రెల్ని తోలుకొచ్చాడు. చేను నట్టనడుమ రెండు గుంజలు పాతి, వాటిని కట్టేసి, ముందు ఇంత గడ్డి వేశాడు. “ఇగ ఆడుర్రి. బర్రెకు బంతి తాకితే పాలు తక్కువిస్తది. మా ఇంటామె మిమ్ముల్నిడువదు.”

నేను కొత్త నియమం పెట్టాను. బర్రెకి బంతి తగిలితే ఫౌల్. అంతే, ఆట మారిపోయింది. పిల్లలు గత్యంతరం లేక పక్కలకి పోవడం మొదలుపెట్టారు. ముప్పావుగంటలో ఎస్తేరు ఎడమపక్క చున్నీ దాకా బంతి తీసుకుపోయి, అక్కడి నుంచి బర్రెల మీదుగా కుడిపక్కకి ఒక్క తన్ను తన్నింది. అక్కడ ఒక పిల్ల ఉంది! అక్కడ మనిషి ఉండటం రెండేళ్లలో ఇదే మొదటిసారి. నేను ఎగిరి గంతేశాను, మోకాలు పట్టేసింది, అయినా సంతోషంగానే ఉంది.

ఒంటిగంటన్నరకి ఎస్తేరు తల్లి జొన్నరొట్టెలు, వంకాయ కూర, పచ్చిపులుసు తెచ్చింది. అందరం గట్టు మీదే తిన్నాం. ఈ కూర రుచి నేను రాయలేను, వెళ్లి తినాల్సిందే. పిల్లలు నీళ్లకి బోరు దగ్గరికి వెళ్లినప్పుడు స్వరూప నా పక్కకి వచ్చి కూర్చుంది.

“మేడం, ఒకటడుగుత. మేం సెమీఫైనల్‌కు వచ్చినప్పుడు మీరు టీమును వాపస్ తీసుకున్నరు, యాదికున్నదా?”

గుర్తుంది. పదిహేనేళ్లయింది. ఎదుటిది పెద్ద జట్టు. పరువు పోతుందని, దెబ్బలు తగులుతాయని, ఉపసంహరణ లేఖ మీద నేనే సంతకం చేశాను. పిల్లల్ని కాపాడానని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను.

“మీరు సంతకం వెట్టిన దినం మేం డ్రెస్సులేసుకొని హాస్టల్లనే కూసున్నం. చీకటి వడేదాక బూట్లిప్పలే. మీకు తెల్వదు. గెలుస్తుంటిమో ఓడుతుంటిమో నాకిప్పటికీ తెల్వదు మేడం. ఓడిపోతే గూడ మర్చిపోతుంటి.”

  అప్పుడు నేను కాపాడింది నా పరువునే. ఆ మాట పైకి అనడానికి ధైర్యం చాలక, రొట్టె తుంపుతూ కూర్చున్నాను. సిగ్గేసింది.

మూడు దాకా మళ్లీ ఆడించాను. మూడూ నలభై అయిదు బస్సుకి తిరిగి వచ్చాం. నాలుగున్నరకి ప్రిన్సిపాల్ గదిలో ఉన్నాం. తెల్ల కాగితం, పెన్ను నా ముందుకి జరిపాడాయన. నేను రాసింది ఇది: “ఈ జట్టు బుధవారం గెలుస్తుందని నేను రాయను. మళ్లీ ఏడు గోల్స్‌తో ఓడిపోవచ్చు కూడా. వీళ్లకి ఆట వచ్చు, మైదానం లేదు. పంపి తీరాలి.” కింద సంతకం చేశాను.

ఆయన రెండుసార్లు చదివాడు. “ఇట్ల రాస్తే నేనెట్ల పంపాలె మేడం? మల్ల నవ్వితే?”

తలుపు దగ్గర నిలబడ్డ ఎస్తేరు లోపలికి వచ్చింది. జుట్టు నిండా చేని మట్టి. “నవ్వింది మమ్ముల్ని సార్. మల్ల పోతమంటున్నది గూడ మేమే.”

 ప్రిన్సిపాల్ ఉపసంహరణ లేఖ చేతిలోకి తీసుకున్నాడు. “వ్యాన్ మాత్రం ఇయ్య” అన్నాడు చివరికి.

“బస్సు మాకు ఫ్రీయే సార్.”

ఆయన దాన్ని రెండుగా మడిచి, చింపి, బుట్టలో వేశాడు. మెచ్చుకోలుగా ఒక్క మాట అనలేదు, మేమూ ఆశించలేదు. మెట్లు దిగేటప్పుడు పదముగ్గురూ చేసిన గోలకి కింది హార్డ్‌వేర్ దుకాణంవాళ్లు బయటికి వచ్చి చూశారు.

అయిదూ ఇరవైకి ఎల్బీనగర్ బస్సు సిద్ధంగా ఉంది. ఎక్కేముందు స్వరూప చేయి పట్టుకున్నాను. మధ్యాహ్నం అనలేకపోయిన మాట అడిగేశాను. “అప్పటి పనికి నన్ను క్షమించావా?”

 “ఇంకా క్షమించలే మేడం” అంది. “బుధవారం రాండ్రి. ఆడినంక చూద్దం.”

బస్సు కదిలింది. కిటికీ సీటు దొరికింది, గాలి చల్లగా ఉంది, మోకాళ్లు సలుపుతున్నాయి. ఆ అమ్మాయి అలా అన్నందుకు బాధ వేసింది. అయినా ‘అవ్ మేడం, క్షమించిన’ అని ఉంటే ఇంతకన్నా ఎక్కువ బాధపడేదాన్ని. ఎన్నో మైదానాలు చూశాను, ఎన్నో కప్పులు పట్టుకుని ఫొటోలు దిగాను. ఈ ఒక్క రోజులో నేర్చుకున్నంత ఎప్పుడూ నేర్చుకోలేదు, అదీ రెండు బర్రెల చుట్టూ తిరిగి. ఓటమిని మోసేది ఆడి ఓడిన పిల్లలే. వాళ్ల తరఫున భయపడే హక్కు మనకెవరూ ఇవ్వలేదు.

వెళ్లదలచినవాళ్ల కోసం వివరాలు: మ్యాచ్ సిటీలో, బుధవారం ఉదయం పదింటికి. ప్రవేశానికి టికెట్టు లేదు. ఎండ పడుతుంది, గొడుగు తెచ్చుకోండి. పోయినసారి నవ్వినవాళ్లు కూడా రావచ్చు. ముందు వరసలో నా పక్కనే కూర్చోండి.