మా ఇంట్లో రాని ఘాటు

ఎవరైనా దయ్యం మాట ఎత్తితే మా నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. అంటే ఆ సంభాషణ అక్కడితో ముగిసిందని అర్థం. ఆయన నందిగామలో మిషన్ బడి హెడ్మాస్టరు. అలాంటి ఇంట్లో పెరిగి, గుంటూరులో బి.ఎ. చదువుకున్న నేను గాలీ ధూళీ లాంటివి ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు రాయబోయేదాంట్లో కూడా దయ్యం లేదు. నా కొడుకు ప్రాణం మీదికి వచ్చిన ఒక సాయంత్రం ఉంది. దాన్ని చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తాను.

పెళ్లయ్యాక జగ్గయ్యపేట వచ్చాను. మావారు హైస్కూల్లో సైన్సు మాస్టరు. అత్తయ్యగారిది వేదాద్రి పక్కన చిన్న పల్లె. ఆవిడ పెళ్లి తర్వాతే బాప్తిస్మం తీసుకున్నారు. ఆదివారం చర్చికి అందరికంటే ముందు వెళ్లి కూర్చుంటారు. అయినా మనవడు ఒక పూట పాలు వదిలేస్తే చాలు, ముందురోజు ఇంటికి వచ్చిన వాళ్లందరినీ వరసగా తలుచుకుంటూ ఎవరి కన్ను పడిందో తేల్చేవారు. పాస్టరుగారికి తెలిస్తే బాగుండదని నేను అంటే, “ఆయనకు పిల్లల్లేరుగా అమ్మాయ్, ఆయనకేం తెలుస్తుంది” అనేవారు.

మా పెద్దవాడు శామ్యూల్‌కి అప్పుడు రెండేళ్లు నిండలేదు.

ఆ సంవత్సరమే మా వీధి చివరి బంగళాలోకి ఒక అమెరికా ఆవిడ వచ్చారు. ఆడపిల్లల బడిలో పని. పేరు మిస్ హార్పర్. ఊళ్లో అందరికీ దొరసానిగారు. ఆవిడకు తెలుగు నేర్పే పని నాకు అప్పజెప్పారు. పిల్లవాణ్ణి వదిలి నేను కదలలేను కాబట్టి సాయంత్రాలు ఆవిడే మా ఇంటికి వచ్చేవారు. చెప్పులు గడప బయట విడిచి, చాప మీద కాళ్లు మడిచి కూర్చోవడానికి చాలా కష్టపడేవారు. గారు అనే మాట నేర్పిన రోజునుంచి మా వాణ్ణి బాబుగారు అనీ, మా ఇంటి ముందు కట్టేసిన గేదెను గేదెగారు అనీ పిలిచేవారు. అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవారు.

పుస్తకంలో వాక్యాలు ఎన్నిసార్లు చదివించినా ఆవిడకు నాలుక తిరగలేదు. మీకు జరిగినవి ఏవైనా తెలుగులో చెప్పండి, తప్పులు నేను దిద్దుతాను అన్నాను. అలా ఆవిడ యూరప్ కబుర్లన్నీ నాకు తెలిశాయి. యుద్ధం అయిపోయిన వెంటనే ఆవిడ సహాయ సంఘంతోపాటు అక్కడికి వెళ్లి, పాలపొడి, కంబళ్లు పంచుతూ కొన్నేళ్లు ఉన్నారట. కిటికీ అద్దాలు పగిలిపోయిన రైళ్లలో కోటు మీద కోటు వేసుకుని తిరిగారట. ఇటలీలో ఆడవాళ్లు మేడమీదనుంచి తాడుకు బుట్ట కట్టి దించితే కూరగాయలవాడు అందులో కూరలూ, వీధి కబుర్లూ కలిపి పంపేవాడట. అమెరికా మనిషి కనపడితే చాలు పిల్లలు వెంటపడి మిఠాయి అడిగేవారట. సంచీ ఖాళీ అయ్యాక కూడా వాళ్లు వెనకాలే నడిచేవారు, అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది అన్నారు.

ఒకసారి మాత్రం, ఆ దేశాల్లో మీకు బాగా కష్టమనిపించింది ఏది అని అడిగాను. చలి అంటారనుకున్నాను. “నువ్వు తిన్నావా అని ఎవరూ అడగరు” అన్నారు. మా వీధిలో ఆవిడ బంగళానుంచి మా ఇంటికి వచ్చేలోపు అయిదారుగురు ఆ మాట అడిగేవారు.

ఇంకొకటి గమనించాను. ఎవరింట్లోనైనా ఎండుమిరపకాయలు వేగి ఘాటు వస్తే ఆవిడ మాట మధ్యలో ఆపేసేవారు. దగ్గేవారు కాదు, ముక్కు మూసుకునేవారు కాదు. తల కొంచెం పక్కకు వంచి, ఆ వాసన వచ్చిన వైపు చెవి పెట్టి కూర్చునేవారు. కాసేపటికి మళ్లీ పాఠంలోకి వచ్చేవారు. పాపం, కారం లేని దేశంలో పుట్టింది, అందుకే మనిషి అలా తెల్లగా పాలిపోయింది అని అత్తయ్య జాలిపడేవారు. నేనూ ఘాటు పడకనే అనుకున్నాను.

చలికాలం మొదట్లో మా వాడికి జలుబు చేసింది. కాంపౌండరు చూసి మామూలు రొంపే అని అరకు మందు ఇచ్చాడు. మావారు పరీక్ష పేపర్లు దిద్దడానికి బెజవాడ వెళ్లారు. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వాడి దగ్గు మారిపోయింది. కుక్క మొరిగినట్టు ఒక రకమైన గరుకు శబ్దం. ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడల్లా గొంతు దగ్గర గుంట పడుతోంది.

అత్తయ్య దిష్టి తీద్దామన్నారు. కాదనే శక్తి ఆ క్షణంలో నాకు లేదు. తలుపులు దగ్గరకు వేశాం, ఎవరైనా చూస్తారని. తల్లి చేత్తో తీస్తే మంచిదని ఆవిడ వాణ్ణి ఒళ్లో పెట్టుకుని, ఉప్పూ మిరపకాయలూ నా గుప్పిట్లో పోశారు. నాకు ఆ మాటలు రావు. మా పుట్టింట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. అందుకని ఆవిడ ఒక ముక్క చెబితే నేను ఒక ముక్క అన్నాను. “ఇరుగు దిష్టి” అని ఆవిడ. “ఇరుగు దిష్టి” అని నేను. “పొరుగు దిష్టి” అని ఆవిడ. “పొరుగు దిష్టి” అని నేను. మధ్యలో వాడి దగ్గు.

తిప్పడం అయ్యాక పొయ్యిలో వేశాను. మిరపకాయలు నల్లబడ్డాయి, చిటపటలాడాయి, కాలిపోయాయి. ఘాటు రాలేదు. తలుపులు వేసిన చిన్న వంటింట్లో గుప్పెడు మిరపకాయలు కాలితే ఎవరికీ తుమ్ము రాలేదు, కళ్లు మండలేదు. అలా ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని మన పెద్దవాళ్లు అంటారు. అత్తయ్య ముఖం తెల్లబోయింది.

అప్పుడే తలుపు తోసుకుని మిస్ హార్పర్ లోపలికి వచ్చారు. పాఠం వేళ అయిందని వచ్చి వరండాలో నిలబడి ఉన్నారట. చెప్పులతోనే వంటింట్లోకి వచ్చేశారు. నా చేతికి అంటుకున్న ఉప్పు వంక, పొయ్యి వంక చూసి, అత్తయ్య ఒళ్లోనుంచి పిల్లవాణ్ణి తీసేసుకున్నారు.

“పదండి. ఇప్పుడే. ఏమీ అడగకండి” అన్నారు. ఆ మాటల్లో దిద్దడానికి తప్పు ఒక్కటీ లేదు.

బంగళా జీపు ఆవిడే నడిపారు. చిల్లకల్లు దాటి పెద్ద రోడ్డెక్కాక ఎదురుగా లారీల వెలుతురు తప్ప ఏమీ కనపడలేదు. నందిగామ చేరేదాకా ఆవిడ నాతో అన్నది ఒకే మాట. “బాబు దగ్గుతున్నాడా?” దగ్గు వినపడుతూనే ఉంది, అయినా అడిగేవారు. దగ్గుతున్నాడండి అనేదాన్ని. కొంచెం దూరం పోయాక మళ్లీ అదే. ఒకచోట వాడు నీరసించి మెదలకుండా అయిపోయాడు. ఆవిడ జీపు ఆపకుండానే వెనక్కి చెయ్యి చాపి వాడి కాలు గట్టిగా గిల్లారు. వాడు ఏడ్చాడు, దగ్గాడు. ఆవిడ మళ్లీ రోడ్డు వంక చూశారు.

ఆస్పత్రిలో డాక్టరుగారు గొంతులోకి దీపం వేసి చూసి, డిఫ్తీరియా అన్నారు. మనవాళ్లు కంఠసర్పి అంటారే, అదే. ఇంజక్షన్లు ఇచ్చారు. రాత్రంతా పక్కనే ఉన్నారు. తెల్లవారేసరికి వాడి ఊపిరి తేలికపడింది. పొద్దున్నే తీసుకొద్దామని ఆగి ఉంటే మీరు తెచ్చేవారు కాదమ్మా అన్నారు డాక్టరుగారు. తేవడానికి వాడు మిగిలేవాడు కాదని ఆయన అన్నట్టు నాకు కొంచెంసేపటికిగానీ అర్థం కాలేదు.

ఎండ వచ్చాక వరండా బెంచీ మీద కూర్చుని మిస్ హార్పర్ చెప్పారు. ముందు తెలుగులో మొదలుపెట్టి, తర్వాత ఇంగ్లీషులోకి వెళ్లిపోయారు.

యుద్ధం తర్వాత ఆవిడ బెల్జియంలో ఒక బొగ్గు గనుల ఊళ్లో ఒక చలికాలం ఉన్నారు. ముసలి విధవరాలి ఇంట్లో మూడో అంతస్తులో అద్దె గది. ఇల్లంతటికీ కింద ఒక్క వంటింట్లోనే నిప్పు. ఆ ఇంట్లో పిల్లలు లేరు. ఒక సాయంత్రం గదిలో ఉన్నట్టుండి భరించలేని ఘాటు కమ్ముకుంది. కళ్లు కారి, గొంతు పట్టేసింది. విషవాయువేమోనని భయపడి కిందికి పరుగెత్తారు. కింద ముసలావిడ బంగాళాదుంపలు ఉడికించుకుంటోంది. ఆమెకు ఏ వాసనా తగల్లేదు. ఇద్దరూ కలిసి పైకి వెళ్లారు. ముసలావిడకు అక్కడా ఏమీ తెలియలేదు. ఈవిడకు మాత్రం ఘాటుతోపాటు గోడ అవతలనుంచి పిల్లవాడి దగ్గు వినిపించింది, కుక్క మొరిగినట్టు. దగ్గు మధ్యలో ఇద్దరు ఆడవాళ్ల గొంతులు. ముసలి గొంతు ఒక ముక్క అంటే, వయసు గొంతు అదే ముక్క తిరిగి అంటోంది. గోడ అవతల ఏమీ లేదు. అది వీధి వైపు గోడ.

ఆవిడ అంతకుముందుగానీ తర్వాతగానీ అలా లేని మనుషుల గొంతులు ఎన్నడూ వినలేదట. ఇండియా వచ్చిన మొదటి వారంలో ఎవరింట్లోనో మిరపకాయలు వేగుతుంటే ఆ వాసన గుర్తుపట్టారు. అప్పటినుంచి ఎక్కడ మిరపకాయలు వేగినా, పిల్లల దగ్గు వినపడుతుందేమోనని చెవి పెట్టి వింటూనే ఉన్నారు.

“నిన్న మీ వరండాలో వాసన లేదు. మిగతావన్నీ అవే” అన్నారు.

బెల్జియంలో ఆ గోడ అవతల తర్వాత ఏం వినపడింది అని అడిగాను. పిల్లవాడి దగ్గు ఆగిపోయిందని చెప్పారు. ఆగాక, ఆ వయసు గొంతు అరిచిందట. ఒక్కసారే.

“మీరు అరవలేదు” అని నా చెయ్యి పట్టుకున్నారు. “నేను వింటూనే ఉన్నాను. మీరు అరవలేదు.”

మావారు బెజవాడనుంచి వచ్చి అంతా విన్నారు. అదే కుండలోనుంచి గుప్పెడు మిరపకాయలు తీసి అదే పొయ్యిలో వేశారు. ఇంటిల్లిపాదీ తుమ్ముతూ వీధిలోకి పరుగెత్తాం, పక్కింటివాళ్లు వచ్చి తిట్టారు. ఆ రోజు గాలి వాటం వేరై ఉంటుందన్నారు. ఇద్దరు ఆడవాళ్ల గొంతులూ ఆవిడ మా వరండాలోనే విన్నారు కాబట్టి, భయంలో ఆ జ్ఞాపకం పాతదానికి అతుక్కుపోయి ఉంటుందన్నారు. కావచ్చు. అబద్ధం చెప్పే మనిషి కాదని మాత్రం ఆయనా ఒప్పుకున్నారు. అంతకు ముందు నెలల తరబడి ఆవిడ ఆ వాసన వచ్చినప్పుడల్లా ఎందుకు చెవి పెట్టి కూర్చున్నారో ఆయన చెప్పలేదు.

అత్తయ్యకు మాత్రం ఆశ్చర్యం వేయలేదు. శామ్యూల్ తల నిమురుతూ, “మనింట్లో రాని ఘాటు ఎక్కడో ఒకచోటికి పోవాలిగా అమ్మాయ్” అన్నారు. అది ఏళ్ల కిందటికి, సముద్రాల అవతలికి ఎలా పోతుందని అడిగితే, అదంతా నాకు తెలియదు, చదువుకున్నదానివి నువ్వే చెప్పాలి అన్నారు.

మిస్ హార్పర్ మరుసటి వేసవిలో స్వదేశం వెళ్లిపోయారు. శామ్యూల్ ఇప్పుడు పలకా బలపం పట్టుకుని బడికి పోతున్నాడు. వాడి తర్వాత చెల్లెలు పుట్టింది. నేనిది రాస్తుంటే ఇద్దరూ పక్కనే నిద్రపోతున్నారు. చిన్నదానికి రెండు రోజులనుంచి కొంచెం రొంప. ఒక్కో వాక్యం రాసి, ఆగి, వాళ్ల ఊపిరి వింటున్నాను.

ఘాటు సంగతి, గొంతుల సంగతి ఎప్పటికైనా ఎవరైనా చదువుకున్నవాళ్లు విప్పి చెబుతారేమో. నన్ను పట్టుకున్నది అది కాదు. ఆ రోజు నేను అరవలేదు. ఆ తర్వాత కూడా ఇంతవరకూ అరవలేదు. మరి ఆ గోడ అవతల ఆవిడ విన్న అరుపు ఎవరిదో, ఎప్పటిదో నాకు తెలియదు.